విద్యారంగంలో నాయకత్వం ఎట్లా రూపొందుతుంది?
జామియా మిల్లియా ఇస్లామియా చరిత్ర నుండి ఒక పరిశీలన

ఇస్లామీయ విద్యా చరిత్రను చదివేవారికి 'ఇజాజా' అనే మాట సుపరిచితమే. ఒక గ్రంథాన్ని గురువు వద్ద ఆమూలాగ్రం చదివిన శిష్యునికి, దానిని ఇతరులకు బోధించే అర్హత లభించిందని గురువు స్వయంగా ఇచ్చే అనుమతికే ఇజాజా అని పేరు. అందులో విద్యాలయం పేరు కంటె గురువు పేరు ముఖ్యం. ఆ గురువుకు ఎవరు అనుమతి ఇచ్చారు, వారికి అంతకు పూర్వం ఎవరు ఇచ్చారు అన్న పరంపర ఇంకా ముఖ్యం. 1067లో బాగ్దాదులో నిజామియా మదరసా ప్రారంభమైంది. అటువంటి మదరసాల వల్ల విద్యకు వక్ఫు ఆస్తులు, నియత వేతనాలు, పదవులు సమకూరినప్పటికీ, ఇజాజా సంప్రదాయం మాత్రం చెక్కుచెదరలేదు. పదవిని పాలకుడు ఇచ్చేవాడు, అర్హతను గురువు ఇచ్చేవాడు.

ఈ భేదాన్ని మన కాలంలో మనం దాదాపు మరచిపోయాము. ఒక కళాశాలకు ప్రిన్సిపాలుగా నియమితుడైన వ్యక్తిని ఆనాటి నుండే విద్యారంగ నాయకుడని పిలుస్తాము. నియామకపు ఉత్తర్వు వచ్చిన రోజునే నాయకత్వం కూడా వచ్చిందని భావిస్తాము. ఇది ఎంతవరకు సమంజసం? నాయకత్వం ఎక్కడ నుండి వస్తుంది? అది పుట్టుకతో వచ్చే గుణమా, పదవితో వచ్చే అధికారమా, లేక కాలక్రమంలో కొందరు మనుషుల మధ్య తయారయ్యే శక్తియా?

ఈ ప్రశ్నకు సిద్ధాంతరీత్యా సమాధానం చెప్పడం సులభం. చరిత్రలో దానిని చూపడం కష్టం. అందుకు తగిన ఉదాహరణగా జామియా మిల్లియా ఇస్లామియాను, దానిని 1926 నుండి 1948 వరకు నడిపిన డాక్టర్ జాకిర్ హుసేన్‌ను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. వారు తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయినారు కనుక ఎన్నుకున్నది కాదు. జామియా మూతపడవలసిన స్థితికి వచ్చిన విద్యాలయం. దానిని నిలబెట్టిన వారికి చేతిలో అధికారం లేదు, ధనం లేదు, ప్రభుత్వ గుర్తింపు లేదు. ఈ మూడూ లేనిచోట మిగిలినదేదో అదే నాయకత్వం కావాలి.

గురువుల నీడలో

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారి కుటుంబం ఫరూఖాబాద్ జిల్లాలోని ఖాయింగంజ్‌కు చెందిన పఠాన్ల కుటుంబం. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ న్యాయవాద వృత్తి కొరకు హైదరాబాదు వచ్చి స్థిరపడినవారు. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబం ఖాయింగంజ్‌కు తిరిగిపోయింది. పిల్లవానిని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్చారు. నాలుగేళ్లు తిరగకముందే, 1911లో, ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది.

ఇటావా పాఠశాల నిరాడంబరతకు, క్రమశిక్షణకు పేరు పొందినది. ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ ప్రభావం ఈ పిల్లవానిపై గాఢంగా పడింది. పదునాలుగేళ్లకే తల్లిదండ్రులు లేనివాడైన బాలునికి ఉపాధ్యాయుడు పాఠం చెప్పే మనిషిగా మాత్రమే కనిపించడు. జీవితాంతం జాకిర్ హుసేన్ ఉపాధ్యాయ వృత్తిని అన్ని వృత్తులకంటె ఉన్నతంగా భావించడానికి బీజం ఇక్కడనే పడిందని చెప్పవచ్చు. నాయకుడు కాబోయేవాడు మొదట ఒకరి నాయకత్వంలో మంచి శిష్యుడుగా ఉండాలి. మన పరిశీలనలో ఇది మొదటి విషయం.

ఒక నిర్ణయం

అక్కడ చదువు ముగించి అలీగఢ్‌లోని మొహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరిన జాకిర్ హుసేన్, 1920 నాటికి పై తరగతుల విద్యార్థిగా ఉంటూనే అక్కడ కొంత బోధన కూడా చేస్తున్నారు. కళాశాలలో భవిష్యత్తు భద్రంగా ఉన్నది. ఆ సంవత్సరం అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచి రావలసిందిగా విద్యార్థులను కోరారు. కొందరు అపహాస్యం చేశారు, కొందరు ఆలోచనలో పడ్డారు.

జాకిర్ హుసేన్ ఆలోచించిన తీరు గమనింపదగినది. కళాశాలను విడిచినవారు ఎక్కడికి పోవాలి? బహిష్కరణ ఒక్క రోజు పని, చదువు అనేక సంవత్సరాల పని. కావున వారు ఢిల్లీ వెళ్లి హకీం అజ్మల్ ఖాన్ మొదలైన పెద్దలను కలిసి, విద్యార్థులు బయటికి వస్తే వారి కొరకు జాతీయ విద్యాలయం స్థాపించడానికి సిద్ధమేనా అని అడిగారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్ కళాశాల మసీదులోనే జామియా మిల్లియా ఇస్లామియాకు శంకుస్థాపన జరిగింది. మాల్టా నిర్బంధం నుండి విడుదలై వచ్చిన దేవ్‌బంద్ పండితులు మౌలానా మహమూద్ హసన్ వ్యాధిగ్రస్తులై ఉన్నందున వారి ప్రసంగాన్ని మరొకరు చదివి వినిపించారు. నెల రోజులకే, నవంబరు 30న, వారు పరమపదించారు. మౌలానా మొహమ్మద్ అలీ తొలి షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి, అయినారు. హకీం అజ్మల్ ఖాన్ కులపతి. తరగతులు గుడారాలలో ప్రారంభమైనవి.

తెలుగు పాఠకులకు ఇటువంటి ప్రయత్నం కొత్త కాదు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు గారు తమ మిత్రులతో కలిసి 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1920-21లో గుజరాత్ విద్యాపీఠం, కాశీ విద్యాపీఠం వెలిశాయి. ఉత్సాహం పొంగినప్పుడు విద్యాలయాన్ని స్థాపించవచ్చు. ఆ ఉత్సాహం చల్లారిన తరువాత దానిని నడపడం మరొక విద్య.

మూతపడవలసిన విద్యాలయం

ఆ చల్లారడం త్వరలోనే జరిగింది. 1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణోద్యమం నిలిచిపోయింది. 1924 మార్చిలో టర్కీ జాతీయ శాసనసభయే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. జామియా ఖర్చులను ప్రధానంగా భరించినది ఖిలాఫత్ కమిటీ. ఏ ఉద్యమం పేరిట ధనం వచ్చేదో ఆ ఉద్యమానికే ఆధారం లేకుండా పోయినప్పుడు, విద్యాలయాన్ని మూసివేయడమే మంచిదని పలువురు పెద్దలు తలచారు. వారిని నిందించడానికి వీలులేదు. వారి దృష్టిలో జామియా ఒక పోరాటంలో భాగం. పోరాటం ముగిస్తే శిబిరాన్ని ఎత్తివేయడం సహజమే కదా.

ఆ సమయంలో జాకిర్ హుసేన్ బెర్లిన్‌లో ఉన్నారు. 1922లో జర్మనీ వెళ్లి ఆర్థిక శాస్త్రంలో పరిశోధన చేస్తున్నారు. అక్కడ వారికి ఇద్దరు మిత్రులు దొరికారు. తత్త్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఆబిద్ హుసేన్ ఒకరు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి బెర్లిన్‌లో ముద్రణ విద్య నేర్చుకుంటున్న మొహమ్మద్ ముజీబ్ మరొకరు. జామియాను మూసివేయబోతున్నారన్న వార్త తెలిసినప్పుడు, తానూ మరికొందరు మిత్రులూ తమ జీవితాలను జామియా సేవకు అర్పించడానికి సిద్ధంగా ఉన్నామని, తాము తిరిగి వచ్చేవరకు దానిని మూసివేయవద్దని జాకిర్ హుసేన్ కబురు పంపారు.

ఈ కబురులో ఒక విశేషం ఉన్నది. అప్పటికి వారికి జామియాలో ఏ పదవీ లేదు. మూసివేయవద్దని సలహా ఇచ్చి ఊరుకోలేదు. తాము ఏమి చేస్తామో ముందు చెప్పి, ఆ పిమ్మట అభ్యర్థించారు. 'నేను' అనకుండా 'మేము' అన్నారు. హకీం అజ్మల్ ఖాన్ చొరవతో, గాంధీజీ ప్రోత్సాహంతో జామియా 1925లో అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు తరలింది. 1926 ప్రారంభంలో మిత్రులు ముగ్గురూ స్వదేశానికి చేరుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా అయినారు.

ఇరవై ఏళ్ల ప్రతిజ్ఞ

పదవి వచ్చింది కాని పరిస్థితి మారలేదు. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ మరణించారు. జామియాకు ధనం వారి పేరు మీద, వారి పలుకుబడి మీద వచ్చేది. అప్పులు మిగిలినవి. ఒక పెద్దమనిషి నీడలో నిలిచిన సంస్థ ఆ నీడ తొలగిన తరువాత ఏమి కావాలి? మన దేశంలో ఎన్నో పాఠశాలలు సరిగా ఈ ప్రశ్న వద్దనే అంతరించినవి.

జామియా ఉపాధ్యాయులు ఇచ్చిన సమాధానం మరొక పెద్దమనిషిని వెదకడం కాదు. 1928లో జాకిర్ హుసేన్‌తో సహా పదకొండు మంది ఉపాధ్యాయులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై సంవత్సరాలు జామియాకు సేవ చేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి వేతనం తీసుకోమని ఆ ప్రతిజ్ఞ. ఆ విధంగా ఏర్పడిన సంఘానికి 'అంజుమనె తాలీమె మిల్లీ' అని పేరు. సంస్థ నిర్వహణ బాధ్యత రాజకీయ నాయకుల చేతులలో నుండి బోధించేవారి చేతులలోకి వచ్చింది.

150 రూపాయలు గరిష్ఠ పరిమితి మాత్రమే. వాస్తవంలో చాలామంది అంతకంటె ఎంతో తక్కువ తీసుకునేవారు, ఆ కొద్దిపాటి జీతం కూడా నెలల తరబడి అందని సందర్భాలు ఉండేవి. ప్రతిజ్ఞపై సంతకాలు పురుషులవి. దాని భారం మోసిన వారిలో వారి భార్యలు, పిల్లలు కూడా ఉన్నారు. త్యాగాన్ని కొనియాడే చరిత్రకారులు ఈ రెండవ వాక్యాన్ని తరచుగా వదిలివేస్తారు.

ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మిఠాయి పంచుతున్న ఒకనాడు, జాకిర్ హుసేన్ చిన్నకుమార్తె మరణించిందని ఒక ఉద్యోగి వచ్చి చెవిలో చెప్పాడట. వారు ముఖంలో ఏ మార్పు కనబరచకుండా పిల్లలకు పంచడం ముగించిన తరువాతనే ఇంటికి వెళ్లారని సహచరులు రాశారు. ఆ రాత్రి దిండు కన్నీటితో తడిసిందని కూడా వారే రాశారు. ఇది కఠిన హృదయం కాదు. పిల్లల ఆనందాన్ని తన దుఃఖంతో చెరపరాదన్న ఉపాధ్యాయ ధర్మం. అయితే ఇటువంటి ధర్మాన్ని ఎవరికి వారు స్వీకరించవలసినదే గాని ఏ యాజమాన్యమూ ఇతరుల నుండి కోరరాదు. త్యాగాన్ని ఇతరుల చేత చేయించే నాయకత్వానికి, తాను ముందు నడిచే నాయకత్వానికి గల తేడా ఇదే.

పని పంచుకోవడం

ధనం కొరకు కూడా కొత్త మార్గం అన్వేషించారు. కొద్దిమంది సంపన్నుల వద్ద పెద్ద మొత్తాలు అడగడానికి మారుగా, అనేకమంది సామాన్యుల నుండి చిన్న చిన్న విరాళాలు క్రమంగా సేకరించే 'హమ్దర్దానె జామియా' అనే ఏర్పాటు చేశారు. సంస్థానాధీశుల సహాయం స్వీకరించలేదని కాదు. హైదరాబాదు సంస్థానం నుండి కూడా జామియాకు సహాయం అందింది. అయినా వేలాది సామాన్యులు తమదని తలచే సంస్థను ఒక్క దాత మనసు మారినంత మాత్రాన మూసివేయడం సాధ్యం కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది పని విభజన. ప్రాథమిక పాఠశాలను అబ్దుల్ గఫ్ఫార్ మధోలీ చేపట్టారు. పిల్లలే నడిపే బ్యాంకు, దుకాణం ద్వారా లెక్కలు, బాధ్యత నేర్పే పద్ధతి అక్కడ రూపుదిద్దుకున్నది. వయోజన విద్యను షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ పెంపొందించారు. ఆబిద్ హుసేన్ రచన, అనువాదం, పత్రికల పని చూశారు. జర్మనీ విడిచి వచ్చిన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ చిన్నపిల్లల సంరక్షణను చేపట్టి, పిల్లల చేత 'ఆపాజాన్' అని పిలిపించుకున్నారు. 1943లో మరణించిన ఆమె సమాధి జామియా ఖబరస్తానులోనే ఉన్నది.

వీరెవరూ జాకిర్ హుసేన్ ఆజ్ఞలను అమలుపరచే గుమాస్తాలు కారు. ఎవరి రంగంలో వారు ప్రయోగాలు చేశారు, పొరపాట్లు చేశారు, నేర్చుకున్నారు. ఒక నాయకుడు ఉన్నచోట పదిమంది అనుచరులు తయారైతే అది ఒక తరానికి సరిపోతుంది. పదిమంది బాధ్యులు తయారైతే సంస్థకు సరిపోతుంది.

1935 మార్చి 1న యమున ఒడ్డున ఓఖ్లా గ్రామం వద్ద కొత్త పాఠశాల భవనానికి శంకుస్థాపన జరిగింది. ఏ నవాబును గాని నాయకుని గాని పిలిచి రాయి వేయించడం ఆచారం. జామియా వారు ఆ పనిని తమ విద్యార్థులలో అందరికంటె చిన్నవాని చేత చేయించారు. సంస్థ ఎవరి కొరకు ఉన్నదో ఒక్క చర్యతో చెప్పారు.

వార్ధా, దాని పాఠం

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో జాతీయ విద్యా సదస్సును సమావేశపరచారు. చేతి వృత్తి ద్వారా విద్య నేర్పాలని, పిల్లలు తయారుచేసిన వస్తువుల ద్వారా పాఠశాల తన ఖర్చు తానే భరించాలని వారి ప్రతిపాదన. అందరూ గౌరవించే గాంధీజీ ఎదుట జాకిర్ హుసేన్ తమ సందేహాలను దాచలేదు. స్వయంపోషకత్వంపై అతిగా దృష్టి పెడితే ఉపాధ్యాయుడు పిల్లలతో పని చేయించే మేస్త్రీగా మారే ప్రమాదం ఉన్నదని హెచ్చరించారు. గాంధీజీ ఆ విమర్శకునే పాఠ్య ప్రణాళిక కమిటీకి అధ్యక్షునిగా చేశారు. ఆ సంవత్సరం డిసెంబరులో వెలువడిన నివేదికయే జాకిర్ హుసేన్ కమిటీ నివేదికగా, బేసిక్ విద్యా ప్రణాళికగా ప్రసిద్ధి చెందినది.

ఆ ప్రణాళికపై ముస్లిం లీగ్ తీవ్రంగా అభ్యంతరం తెలిపింది. 1938లో వెలువడిన పీర్‌పూర్ నివేదికలో దానిపై విమర్శలు చోటు చేసుకున్నవి. జాకిర్ హుసేన్‌ను సొంత సమాజంలోనే పలువురు అనుమానించారు. పదేళ్ల తరువాత స్వతంత్ర భారతంలో ఆ ప్రణాళికను వేలాది పాఠశాలలలో ప్రవేశపెట్టారు. 1958లో పటేల్ స్మారకోపన్యాసాలలో జాకిర్ హుసేన్ స్వయంగా, అది అమలవుతున్న తీరును అతి కఠినమైన మాటలతో ఖండించారు. జామియాలో కొద్దిమంది పిల్లల మధ్య ఫలించిన పద్ధతి దేశమంతటా ఎందుకు వాడిపోయింది? కారణాలు అనేకం ఉండవచ్చు. వాటిలో ఒకటి మాత్రం మన విషయానికి సంబంధించినది. నివేదికను ముద్రించి పంపవచ్చు. దానిని నమ్మి, ఇరవై ఏళ్లు కట్టుబడి పనిచేసే ఉపాధ్యాయులను ముద్రించి పంపలేము.

పరీక్షాకాలం

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాలతో మండిపోతున్న రోజులవి. ఆ వేదికపై జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్ ఒకవైపు, మొహమ్మద్ అలీ జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకవైపు కూర్చున్నారు. ఈ విద్వేషపు మంటలను ఆర్పవలసిందిగా, మృగాల మధ్య మానవత్వాన్ని పెంచడం ఉపాధ్యాయుల వల్ల కాదని అర్థం వచ్చేటట్లు జాకిర్ హుసేన్ వారిని ప్రాధేయపడ్డారు. వారు విన్నారు, వెళ్లిపోయారు. మంటలు ఆరలేదు. 1947లో రైలులో కాశ్మీర్ వెళుతూ జలంధర్ స్టేషనులో వారు మరణం అంచుకు వెళ్లి, ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి చలువతో బయటపడ్డారు. కరోల్ బాగ్‌లోని జామియా పుస్తక భాండాగారం తగులబడింది. విద్యారంగ నాయకత్వానికి గల పరిమితులను కూడా చరిత్ర దాచదు. పాఠశాల ఒక తరాన్ని తీర్చిదిద్దగలదు గాని, వీధిలోని అగ్నిని ఒక్క పూటలో ఆర్పలేదు.

1948లో, అనగా 1928 నాటి ప్రతిజ్ఞకు సరిగా ఇరవై ఏళ్లు నిండిన సంవత్సరంలో, జాకిర్ హుసేన్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఉపకులపతిగా వెళ్లవలసి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పూర్వం తాము విడిచివచ్చిన కళాశాలయే విశ్వవిద్యాలయమై, విభజనానంతరం దిక్కుతోచని స్థితిలో ఉండి వారిని పిలిచింది. వారు వెళ్లిన తరువాత జామియా ఏమైంది? బెర్లిన్ మిత్రుడు ముజీబ్ ఉపకులపతి అయి 1973 వరకు నడిపారు. 1962లో జామియాకు విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా లభించింది. 1988లో పార్లమెంటు చట్టం ద్వారా అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. జామియాలో చదివిన జాకిర్ హుసేన్ తమ్ముడు మహమూద్ హుసేన్ పాకిస్తాన్ వెళ్లి, కరాచీలోని మలీర్‌లో అదే పేరుతో విద్యాసంస్థను స్థాపించారు. మరొక తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు.

ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగివద్దాము. జాకిర్ హుసేన్ జీవితంలో నాయకత్వం ఏ రోజున వచ్చింది? 1926లో షేఖుల్ జామియా అయిన రోజున మాత్రం కాదు. ఇటావాలో ఒక మంచి ఉపాధ్యాయుని చూచి నేర్చుకోవడంతో దాని బీజం పడింది. 1920లో పర్యవసానం ఆలోచించి తీసుకున్న నిర్ణయంలో మొలకెత్తింది. బెర్లిన్ నుండి పంపిన కబురులో, పదకొండు మంది ప్రతిజ్ఞలో వేళ్లూనుకున్నది. అది ఫలించిందో లేదో 1948లో వారు వెళ్లిపోయిన తరువాతనే తెలిసింది.

నేడు మనకు విద్యాలయాలు కొరత కాదు. మదరసాలు, పాఠశాలలు, కళాశాలలు ప్రతి పట్టణంలో ఉన్నవి. ఒక స్థాపకుడు మరణించగానే కుటుంబ తగాదాలలో చిక్కినవీ, ఒక దాత తప్పుకోగానే మూతపడినవీ వాటిలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలియనిది కాదు. అటువంటి సంస్థల పెద్దలు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. రేపు నేను లేకపోతే ఈ పని ఎవరెవరు చేస్తారు? పేర్లు చెప్పగలిగితే అక్కడ నాయకత్వం ఉన్నట్లు. చెప్పలేకపోతే ఉన్నది పదవి మాత్రమే.

డాక్టర్ జాకిర్ హుసేన్ 1969 మే 3న రాష్ట్రపతి పదవిలో ఉండగానే మరణించారు. వారిని ఖననం చేసినది ఓఖ్లాలో, జామియా ప్రాంగణంలో. ఇజాజా ఇచ్చిన పూర్వకాలపు గురువు పేరు శిష్యుల పేర్ల వెంట శతాబ్దాలు నడచినట్లే, వారి పేరు ఆ ప్రాంగణంలోని పాఠశాలల వెంట నడుస్తున్నది.